లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడమే



కార్వేటినగరం అంటే చాలామందికి వేణుగోపాలస్వామి గుడి గుర్తొస్తుంది, స్కంద పుష్కరిణి గుర్తొస్తుంది. సంగీతం తెలిసినవాళ్లకు సారంగపాణి పదాలు గుర్తొస్తాయి. చిత్తూరు జిల్లాలో పంతులు ఉద్యోగం కోసం చదివే పిల్లలకు మాత్రం కార్వేటినగరం అంటే డైట్. జిల్లా విద్యా శిక్షణ సంస్థ. రెండేళ్లు అక్కడ చదివి, టెట్ రాసి, డీఎస్సీ రాసి, ఎక్కడో ఒక ప్రాథమిక పాఠశాలలో సుద్దముక్క పట్టుకోవాలని వాళ్ల ఆశ. ఈరోజు నా మాటలు ముఖ్యంగా ఆ ఛాత్రోపాధ్యాయుల కోసం. ఇంగ్లీషు నేర్చుకుంటున్న మిగతావాళ్లూ వినొచ్చు, మీకూ పనికొస్తాయి.

టెట్ ఇంగ్లీషు సిలబస్‌లో ఫ్రేజల్ వెర్బుల వాడకం అని ఒక అంశం ఉంటుంది. దానికోసం గైడులో నాలుగైదు పేజీల జాబితా. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. గివ్ అప్, వదులుకొను. గివ్ ఇన్, లొంగిపోవు. పుట్ ఆఫ్, వాయిదా వేయు. పుట్ అప్ విత్, సహించు. పిల్లలు దీన్ని ఎక్కాల పుస్తకంలా వల్లె వేస్తారు. బిట్ వస్తే టిక్కు పెడతారు. పరీక్ష హాలు దాటాక అందులో ఒక్కటీ నోటికి రాదు. మీటింగు వాయిదా పడిందని చెప్పాల్సి వస్తే ‘ద మీటింగ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్’ అంటారే తప్ప ‘పుట్ ఆఫ్’ అనరు.

ఇది మన పిల్లల మందబుద్ధి అనుకోకండి. శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చు వేసిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే ఈ సంగతి ఒప్పుకున్నాడు. ఒక క్రియ పక్కన ఒక చిన్న మాట చేరి అర్థాన్ని మార్చేసే పద్ధతి తమ భాషలో చాలా ఎక్కువనీ, పరాయివాళ్లకు అన్నిటికంటే కష్టమయ్యేది ఇదేననీ రాశాడు. ‘కమ్ ఆఫ్’, ‘సెట్ ఇన్’, ‘టేక్ ఆఫ్’ లాంటివి ఉదాహరణలు కూడా ఇచ్చాడు. వీటికి ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు అచ్చులోకి వచ్చింది ఇంకా చాలా తర్వాత, 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంలో. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు. అంటే జనం నోట్లో వందల ఏళ్లుగా ఉన్నదానికి పండితులు పేరు పెట్టి నిండా నూట పాతికేళ్లు కూడా కాలేదు.

మన సంగతి చూద్దాం. ఇంగ్లీషు వాళ్లది వింత అలవాటు, మన భాష తిన్నగా ఉంటుంది అనుకుంటాం కదా. ‘పట్టు’ అనే మాట తీసుకోండి. పట్టుబట్టాడు అంటే మొండికేశాడు. పట్టుబడ్డాడు అంటే దొరికిపోయాడు. పట్టించాడు అంటే ఇంకొకణ్ని అప్పగించాడు. పట్టించుకున్నాడు అంటే శ్రద్ధ పెట్టాడు. పట్టుకొచ్చాడు అంటే తెచ్చాడు. ఇవన్నీ వేరే రాష్ట్రం నుంచి తెలుగు నేర్చుకోవడానికి వచ్చినవాడికి ఒక కాగితం మీద రాసిచ్చి చూడండి, అతని ముఖం ఎట్లా ఉంటుందో. అంతకంటే అన్యాయం ఇంకోటి ఉంది. డబ్బు వెనకేసుకున్నాడు అంటే కూడబెట్టాడు. తమ్ముణ్ని వెనకేసుకొచ్చాడు అంటే వాడి తప్పున్నా వాడి తరఫున మాట్లాడాడు. డబ్బు వెనకేసుకొచ్చాడు అనకూడదు, తమ్ముణ్ని వెనకేసుకున్నాడు అనకూడదు. ఎందుకని అడిగితే మనదగ్గర జవాబు లేదు. అంతే, అట్లా అంటాం.

మన వ్యాకరణంలో దీనికి చక్కని పేరుంది, శబ్దపల్లవం. ఒక మాటకు క్రియ చేరి, రెండూ కలిసి మూడో అర్థం ఇవ్వడం. చేయి, పట్టు కలిస్తే చేపట్టు. కన్ను, మూయు కలిస్తే కన్నుమూయు. ఎదురు, చూచు కలిస్తే ఎదురుచూచు. తెలుగు మీడియంలో చదివిన ప్రతి పిల్లా దీన్ని పదో తరగతిలోపు ఎక్కడో ఒకచోట వినే ఉంటుంది. కానీ తెలుగు పీరియడ్‌లో విన్నది ఇంగ్లీషు పీరియడ్‌లోకి రాదు. గంట కొట్టగానే తెలుగు పుస్తకం సంచిలోకి పోతుంది, దాంతోబాటు అదీ పోతుంది. నా ఫిర్యాదు అక్కడే. ఫ్రేజల్ వెర్బ్ చెప్పే పంతులు ముందు శబ్దపల్లవం గుర్తుచేసి మొదలుపెడితే సగం భయం ఆ రోజే తీరిపోతుంది.

ఎట్లా మొదలుపెట్టాలో ఒక క్రియతో చెబుతాను. ‘లుక్’. చూడు.

‘లుక్ ఆఫ్టర్’. గైడులో సంరక్షించు అని ఉంటుంది. ఇంట్లో ఎవరైనా సంరక్షించు అంటారా? ‘నేను తిరుపతికి పోయొస్తా, అమ్మను చూసుకో’ అంటాం. చూడు పక్కన ‘కొను’ చేరింది, చూసుకో అయింది. ఇంగ్లీషులో లుక్ పక్కన ఆఫ్టర్ చేరింది. వాళ్లదీ చూపే, మనదీ చూపే. ‘లుక్ డౌన్ ఆన్’ అంటే చిన్నచూపు చూడటం. మళ్లీ చూపే. ‘లుక్ ఫార్వర్డ్ టు’ అంటే ఎదురుచూడటం, అందులోనూ పండగ కోసం చూసినట్టు సంతోషంగా చూడటం. ‘లుక్ ఇన్‌టు’ అంటే లోతుగా చూడటం, విచారణ చేయడం. ఆఫీసుకు అర్జీ పట్టుకుపోతే ‘చూస్తాంలే’ అంటారే, ఆ ‘చూస్తాం’ నిజంగా జరిగితే అది లుక్ ఇన్‌టు. ‘లుక్ ఫర్’ అంటే వెతకడం, దీనికి మనకు వేరే మాట ఉంది. ‘పెళ్లికి సంబంధాలు చూస్తున్నాం’ అన్నప్పుడు మాత్రం మనమూ చూడటంతోనే వెతుకుతున్నాం. ‘లుక్ అప్’ అంటే నిఘంటువులో మాట చూడటం. ‘ఆ మాటకు అర్థం డిక్షనరీలో చూడు’ అని మనమూ అంటాం.

ఒక్క హెచ్చరిక. ‘నిన్ను చూసుకుంటా’ అని అమ్మ అంటే ప్రేమ, ‘నీ సంగతి చూసుకుంటా’ అని పక్కింటివాడు అంటే గొడవ. ఈ రెండో దానికి లుక్ ఆఫ్టర్ వాడారంటే ఎదుటివాడు భయపడకపోగా థాంక్స్ చెప్పి పోతాడు.

ఇక ‘పుట్ ఆన్’. పుట్ అంటే పెట్టు అని మూడో తరగతిలో నేర్పుతాం. అక్కడ చిన్న పొరపాటు జరుగుతుంది. పుట్ అంటే పెట్టు మాత్రమే కాదు, వెయ్యి కూడా. ‘పుట్ ఆన్ యువర్ షర్ట్’, చొక్కా వేసుకో. ‘పుట్ ఆన్ ద లైట్’, లైటు వెయ్యి. మన చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెట్టినప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం. ‘దే పుట్ ఆన్ ఎ ప్లే’, నాటకం వేశారు. మూడు చోట్లా ‘వేయు’ సరిపోయింది. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, అందులో కూడా వేయడం ఉంది. ‘హి హ్యాజ్ పుట్ ఆన్ వెయిట్’ దగ్గరికొచ్చేసరికి మాత్రం దారి చీలిపోతుంది. మనం బరువు వేసుకున్నాడు అనం, ఒళ్లు చేశాడు అంటాం. ఇది ఒక్కటి విడిగా గుర్తుపెట్టుకోండి. నాలుగింటిలో మూడు ఉచితంగా వచ్చినప్పుడు నాలుగోదానికి కాస్త కష్టపడటంలో తప్పులేదు.

ఇప్పుడు ఆ చిన్న మాటల సంగతి. అప్, ఆఫ్, ఔట్, ఆన్, ఇన్, డౌన్. అసలు కీలకం వీటిలోనే ఉంది. గైడులు క్రియను పట్టుకుని జాబితా చేస్తాయి. నన్నడిగితే చిన్న మాటను పట్టుకుని చేయాలి.

‘ఈట్’ అంటే తిను. ‘ఈట్ అప్’ అంటే తినేయ్. ‘డ్రింక్’ తాగు, ‘డ్రింక్ అప్’ తాగేయ్. ‘టేర్’ చించు, ‘టేర్ అప్’ చించేయ్. ‘యూజ్’ వాడు, ‘యూజ్ అప్’ మొత్తం వాడేయ్. చూశారా? ఇక్కడ అప్ అంటే పైకి కాదు. మన ‘ఏయ్’ చేసే పనిని అది చేస్తోంది. పని ఆఖరిదాకా జరిగింది, ఏమీ మిగల్లేదు అని చెబుతోంది. తెలుగులో వేయు అనే క్రియ ఇంకో క్రియకు తోకగా చేరి, అరిగి, చివరికి ఆ ‘ఏయ్’ మాత్రం మిగిలింది. నగరి వైపు, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకు ఇంకా తేలిక. శాప్పిడు అంటే తిను, శాప్పిట్టుడు అంటే తినేయ్. అక్కడ తోక ‘విడు’. మూడు భాషలకూ ఒకటే అవసరం వచ్చింది. మనమూ తమిళులూ ఒక క్రియను తోకగా పెట్టుకున్నాం, ఇంగ్లీషు వాళ్లు అప్ అనే చిన్న ముక్కను పెట్టుకున్నారు.

‘ఆఫ్’ అంటే ఎక్కువసార్లు విడదీయడం, దూరం చేయడం. చెప్పులు విడువు, టేక్ ఆఫ్. తెగ్గొట్టు, కట్ ఆఫ్. అప్పు తీర్చేయ్, పే ఆఫ్. బంద్ విరమించు, కాల్ ఆఫ్. రేణిగుంట విమానాశ్రయంలో చుట్టాన్ని సాగనంపితే సీ ఆఫ్, వాళ్ల విమానం నేల విడిస్తే టేక్ ఆఫ్. ‘ఔట్’లో బయటికి రావడం ఉంది, అయిపోవడం కూడా ఉంది. నిజం బయటపడింది, కేమ్ ఔట్. దీపం ఆరిపోయింది, వెంట్ ఔట్. గ్యాస్ అయిపోయింది, ‘వియ్ హ్యావ్ రన్ ఔట్ ఆఫ్ గ్యాస్’. మనవాళ్లు దీన్ని ‘గ్యాస్ ఈజ్ ఓవర్’ అంటారు. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. లండన్‌లోనూ అర్థమవుతుంది కానీ వినేవాడు ఒక క్షణం ఆగుతాడు. ‘ఆన్’లో సాగడం ఉంది. గో ఆన్, క్యారీ ఆన్, రీడ్ ఆన్. చదువుతూ ఉండు అనడంలో మన ‘ఉండు’ ఏం చేస్తోందో ఇక్కడ ఆన్ అదే చేస్తోంది.

అన్నిసార్లూ ఈ లెక్క కుదురుతుందని నేననను. ‘గో ఆఫ్’ చూడండి. లైట్లు వెంట్ ఆఫ్ అంటే కరెంటు పోయింది. పాలు గాన్ ఆఫ్ అంటే విరిగిపోయాయి. ఇక్కడిదాకా మన ‘పో’ తోడొచ్చింది. అలారం వెంట్ ఆఫ్ అంటే మాత్రం ఆగిపోయిందని కాదు, మోగింది అని. బాంబు వెంట్ ఆఫ్ అంటే పేలింది. ఒకే మాట ఒకచోట ఆగడానికి, ఇంకోచోట మొదలవడానికి! ఇట్లాంటిచోట తర్కం వెతక్కండి. వాక్యంతో సహా నోటికి తెచ్చుకోండి.

ఇది రేడియో కాబట్టి పుస్తకం చెప్పలేని ఒక సంగతి మీకు వినిపించగలను. జాగ్రత్తగా వినండి. ‘పుట్ ఇట్ ఆఫ్.’ నా గొంతు ఎక్కడ లేచింది? ఆఫ్ దగ్గర. ‘లుక్ ఇట్ అప్.’ అప్ దగ్గర. ‘ద బస్ బ్రోక్ డౌన్.’ డౌన్ దగ్గర. ఫ్రేజల్ వెర్బులో ఊనిక సాధారణంగా ఆ చిన్న మాట మీద పడుతుంది. అదే రెండూ అతుక్కుని నామవాచకం అయితే ఊనిక ముందుకు జరుగుతుంది. ‘ఇట్ వాజ్ ఎ బ్రేక్‌డౌన్.’ బ్రేక్ దగ్గర లేచింది కదా. కాగితం మీద ఇవి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, చెవికి వేరుగా వినిపిస్తాయి. అందుకే వీటిని మౌనంగా చదివితే సగమే వస్తాయి.

ఇంకో సంగతి కూడా విన్నారు మీరు. నేను ‘పుట్ ఆఫ్ ఇట్’ అనలేదు, ‘పుట్ ఇట్ ఆఫ్’ అన్నాను. మీటింగ్ అనే మాట పెడితే ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ అనొచ్చు, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ అనొచ్చు. ఇట్, దెమ్, హిమ్ లాంటి సర్వనామం వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి. లైటు ఆర్పు, టర్న్ ఇట్ ఆఫ్. పిల్లల్ని బండి మీద ఎక్కించుకురా, పిక్ దెమ్ అప్. కానీ లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్ లాంటివి విడిపోవు. లుక్ ఆఫ్టర్ హర్, అంతే. లుక్ హర్ ఆఫ్టర్ అనే మాటే లేదు. మన పిల్లల పేపర్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే, గైడు జాబితాలో ఎప్పుడూ చెప్పనిదీ ఇదే.

మీకు ఇవి అసలు రావు అనుకుంటున్నారా? మీ నోట్లో ఎన్ని ఉన్నాయో చూడండి. పోలీసు లాకప్. ఆస్పత్రిలో చెకప్. సినిమాలో గెటప్, మేకప్, థియేటర్ ముందు కటౌట్. ఫోన్‌కు బ్యాకప్. అసెంబ్లీలో వాకౌట్. ఫ్యాక్టరీకి లాకౌట్. క్రికెట్‌లో రనౌట్, ఫాలో ఆన్. బడి మానేసిన పిల్ల డ్రాపౌట్. ఊరి బయట ప్లాట్లు వేస్తే లేఔట్. బిల్డప్ మాటకు మనం కొత్త కొలువు కూడా ఇచ్చాం. ఇంగ్లీషులో అది క్రమంగా పెరగడం, మనదగ్గర లేనిపోని గొప్పలు చూపించడం. ‘ఏందిరా ఆ బిల్డప్పు’ అంటే చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తాసిల్దారు ఆఫీసులో ‘ఫైలు పుటప్ చేశాం సార్’ అంటారు. పైఅధికారి ముందు పెట్టడం అన్నమాట. ఇది తెల్లదొరల కచేరీల నాటినుంచి మన ఆఫీసుల్లో నిలిచిపోయిన వాడుక. ఇవన్నీ క్రియ పక్కన చిన్న మాట చేరినవే. మీరు వాటిని తెలుగు మాటలుగా లెక్కేసుకుని, ఇంగ్లీషు ఖాతాలో వేసుకోలేదు.

మరి నోట్లో ఇన్ని ఉన్నా మాట్లాడేటప్పుడు ఎందుకు తప్పించుకుంటాం? మనం ఇంగ్లీషును పుస్తకంలోంచి, జీవోలోంచి నేర్చుకున్నాం. అక్కడ పుట్ ఆఫ్ ఉండదు, పోస్ట్‌పోన్ ఉంటుంది. పుట్ ఔట్ ఉండదు, ఎక్స్‌టింగ్విష్ ఉంటుంది. టేక్ ఆఫ్టర్ ఉండదు, రిజెంబుల్ ఉంటుంది. ‘పిల్లాడు అచ్చం మేనమామ పోలిక’ అని ఇంట్లో చెప్పే మాటను ఇంగ్లీషులో రిజెంబుల్ అంటే పెళ్లివారింటికి యూనిఫాం వేసుకుపోయినట్టుంటుంది. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఇజ్రాయెల్‌లో డాగుట్, లౌఫర్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో అచ్చు వేసిన పరిశీలనలో హీబ్రూ మాట్లాడే విద్యార్థులు కూడా ఫ్రేజల్ వెర్బులను తప్పించుకుని ఒంటి మాటలనే ఎంచుకుంటున్నారని తేలింది. తమ భాషలో అట్లాంటి నిర్మాణం లేకపోవడమే కారణమని వాళ్లన్నారు. మనకు ఆ సాకు లేదు. మన భాషలో శబ్దపల్లవాలున్నాయి, తినేయ్ తాగేయ్‌లున్నాయి. ఉన్నదాన్ని వాడుకోకపోవడమే మన జబ్బు.

ఎన్ని నేర్చుకోవాలి అనే భయం ఉంటుంది. నిఘంటువు తీస్తే మూడువేలు దాటి కనిపిస్తాయి. కానీ లెక్కలు వేసినవాళ్లున్నారు. 10 కోట్ల మాటలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను జల్లెడ పట్టి 2007లో గార్డ్‌నర్, డేవిస్ ఒక సంగతి తేల్చారు. 20 క్రియలు, 8 చిన్న మాటలు, వీటి కలయికలే అందులోని ఫ్రేజల్ వెర్బుల వాడకంలో సగానికి పైగా ఉన్నాయట. ఆ క్రియలు కూడా మనకు మూడో తరగతి నుంచీ తెలిసినవే: గో, కమ్, టేక్, గెట్, పుట్, బ్రింగ్, లుక్, గివ్ లాంటివి. 2015లో గార్నియర్, ష్మిట్ ఇంకో అడుగు వేసి 150 ఫ్రేజల్ వెర్బుల పట్టిక చేశారు. ఒక్కోదానికి ఇరవై అర్థాలు ఇవ్వకుండా, జనం ఎక్కువగా వాడే అర్థాలే ఏరారు. మొత్తం 288 అర్థాలు, అంటే ఒక్కోదానికి దాదాపు రెండు. మన గైడులు తప్పు చేసేది రెండు వైపులా. మాటలు అవసరానికి మించి ఇస్తాయి, అర్థం మాత్రం ఒక్కటే ఇస్తాయి. బ్రింగ్ అప్ అంటే పెంచు అని మాత్రమే చదివిన పిల్లకు ‘షి బ్రాట్ అప్ ద మ్యాటర్ ఇన్ ద మీటింగ్’ అనే వాక్యం వస్తే ఆమె మీటింగ్‌లో ఎవర్ని పెంచిందో అర్థం కాదు.

అమెరికాకు, ఆస్ట్రేలియాకు చదువుకు పోయే పిల్లలు మన వైపు నుంచి చాలామందే ఉన్నారు కాబట్టి వాళ్లకు ఒక్క మాట. ‘ఐ పాస్‌డ్ ఔట్ ఇన్ 2023’ అని మనం ధైర్యంగా చెబుతాం. కాలేజీ చదువు పూర్తయిందని మన ఉద్దేశం. మనదేశంలో అది చెల్లుతుంది. అక్కడ పాస్ ఔట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. ఇంటర్వ్యూలో అట్లా చెబితే ఆరోగ్యం బాగుందా అని అడుగుతారు. ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. అట్లాగే ‘కోప్ అప్ విత్’ అనకండి. అక్కడ అప్ అక్కర్లేదు, ‘కోప్ విత్’ చాలు. దొరికిందని ప్రతిచోటా అప్ తగిలించకూడదు.

టెట్‌కు చదివే ఛాత్రోపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. గార్నియర్, ష్మిట్ పట్టికలోని ఆ 150లో రోజుకు రెండు తీసుకోండి. ఒక్కోదానికి గైడు తెలుగు కాకుండా మీ అమ్మ ఇంట్లో ఏమంటుందో ఆ తెలుగు రాసుకోండి. తోతాపురి కాయల ధర గురించో, కృష్ణాపురం జలాశయం నీళ్ల గురించో, తిరుపతి బస్సు గురించో మీకు తెలిసిన సంగతితో రెండు వాక్యాలు కట్టండి. కుదిరినచోట మీటింగ్, లైట్ లాంటి మాట తీసేసి ఇట్ పెట్టి, ఆ చిన్న మాట మీద గొంతు లేపి, పక్కవాళ్లకు వినపడేంత గట్టిగా చదవండి. మీ బళ్లో చేరే పిల్లలకు కూడా ఇట్లాగే నోటితో చెప్పించండి, జాబితా రాయించకండి.